పుస్తెలు తీస్తేనే స్కాన్

కరోనాకు రెండేళ్ల ముందు, జూన్‌లో, ఎముకల సాంద్రత సర్వేకు ప్రధాన పరిశోధకుడిగా నన్ను సాలూరు పంపారు. నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు వ్యానులో అమర్చిన డెక్సా యంత్రంతో నడుము, తుంటి స్కాన్ చేయాలి. ఎముక గుల్లబారిందని తేలితే ప్రాజెక్టు తరఫున మందు ఉచితం. స్కాన్ లేనిదే మందు లేదు.

డెక్సా అంటే తక్కువ మోతాదు ఎక్స్‌రే. పడుకున్న మనిషి నడుము మీద లోహం ఉంటే యంత్రం దాన్నీ ఎముకలో కలిపేసుకుని సాంద్రత ఎక్కువ చూపిస్తుంది. అందుకని మా పరిశోధన నియమావళిలో, అంటే మేం ప్రోటోకాల్ అనేదానిలో, ‘ఒంటి మీద లోహమేదీ ఉండరాదు, ఉంటే స్కాన్ చేయరాదు’ అని ఒక వాక్యం ఉంది. రాసింది నేనే. ఏసీ గదిలో కూర్చుని, చాలా శ్రద్ధగా రాశాను.

మొదటి వారం జాబితా చూసి నాకు ఒళ్లు మండింది. స్కాన్ అయినవాళ్లలో దాదాపు అందరూ భర్త పోయినవాళ్లే. పుస్తెలతాడు తీయమనేసరికి మిగతావాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆ తాడు పొడవుకు పుస్తెలు సరిగ్గా మేం చూడాల్సిన వెన్నుపూసల మీదే పడతాయి. టెక్నీషియన్ మాధవి మీద విసుక్కున్నాను. ఆమె ప్రోటోకాల్ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

వెళ్లిపోయినవాళ్లలో అప్పలనర్సమ్మ ఒకరు. పక్క పల్లెలో వరి, చోళ్లు పండించే కుటుంబం. అప్పటికే ఆమె నడుము వంగింది, అంతకు ముందు ఏడాది గట్టు మీద జారితే మణికట్టు విరిగింది. ఆమె ఎముకలు గుల్లని నాకు చూడగానే తెలిసిపోయింది. నాకు తెలిసినంత మాత్రాన ప్రాజెక్టు మందివ్వదు. నచ్చజెప్పడానికి నేనే వెళ్లాను.

“మా ఆయన బతికుండగా తియ్యను బాబూ. బుజం మీదకి లాగేసుకుంటాను, సాల్దా?” అంది.

చాలు. నిజానికి పూర్తిగా చాలు. కానీ ఫారంలో ‘లోహం తీశారా’ అన్న గడిలో లేదు అని పెడితే రికార్డు రద్దవుతుంది, అవును అని పెడితే అబద్ధమవుతుంది. వాక్యం మార్చడానికి అనుమతి కోరుతూ ఎథిక్స్ కమిటీకి రాశాను. కారణం అడిగారు. రాశాను. తాడు పక్కకు జరిపినట్టు ఎవరు ధ్రువీకరిస్తారని అడిగారు. మళ్లీ రాశాను. పుస్తెలతాడు సగటు పొడవు తెలపమన్నారు. ఆ రోజు ఆ ఉత్తరాన్ని బల్ల మీద విసిరికొట్టాను.

అనుమతి వచ్చేసరికి అయిదు నెలలు గడిచాయి. మాధవి కబురు పెడితే అప్పలనర్సమ్మ వచ్చింది. మెడ బోసిగా ఉంది. భర్త పోయి నెల దాటిందట.

“ఇప్పుడు మీ రూలుకి అడ్డేటీ నేదు. తియ్యండి,” అని తనే బల్ల మీద పడుకుంది.

స్కాన్‌లో ఒక వెన్నుపూస అప్పటికే నలిగిపోయి కనిపించింది. జూన్‌లోనే మందు పడి ఉంటే అది నిలిచేదా అంటే చెప్పలేను. ఆ రోజే మందు మొదలుపెట్టాం.

రిటైరయ్యేలోపు ఇంకో రెండు ప్రోటోకాల్స్ రాశాను. కమిటీకి పంపే ముందు వాటిని స్కాన్ బల్ల మీద పడుకోవాల్సిన ఆడవాళ్లకు చదివి వినిపించాను. మొదటిసారే ఆ పని చేసి ఉంటే, నా వాక్యంలో తప్పేమిటో అప్పలనర్సమ్మే చెప్పేది.