రెండో ఆకు

పక్కింట్లో నువ్వులూ బెల్లమూ మిక్సీలో తిప్పుతున్నారు. ఆ వాసనకి ఈరోజు నాగులచవితి అని గుర్తొచ్చింది. ఇది ఇన్నాళ్ళూ రాయకపోవడానికి నాకు అక్షరాలు రాకపోవడం ఒక కారణం. చిన్నప్పుడు నన్ను బడికి కాక వరిచేలో పిట్టలు తోలడానికి పంపారు. కరోనాకి బళ్ళు మూసేశాక నా మనవరాలు తన పలక మీద నాచేత ఓనమాలు దిద్దించింది. అక్షరాలు వచ్చాక కూడా చాన్నాళ్ళు రాయలేదు.

మాది నౌపడ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఇంటి పిల్లకీ నాకూ ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్నలు నేస్తరికం కట్టారు. ఇక పేరు పెట్టి పిలవకూడదు, నేస్తం అనే పిలవాలి. పండగనాడు ఇద్దరూ ఒకే ఆకులో తినాలి. కార్తీకపు చలిగాలిలో, తెల్లటి ఉప్పుమళ్ళ గట్ల వెంబడి, ఒళ్ళో తేగలు కట్టుకుని నేస్తం వచ్చేది. పుట్టలో పాలు పోసి వచ్చాక, నువ్వులూ బెల్లమూ రోట్లో దంచి కట్టిన చిమ్మిలి ఉండని తను సగం కొరికి నాకు సగం పెట్టేది. చేతులకంటిన నూనెని ఒకరి జుట్టుకి ఒకరం రాసుకుని నవ్వేవాళ్ళం. మొదటి పండక్కి మా నానమ్మ, చేపలింటి పిల్ల అని, నేస్తానికి వేరే ఆకు వేసింది. నేను ఏదీ ముట్టలేదు. పొద్దు వాలేదాకా మొండికేసి కూర్చుంటే నానమ్మే గొణుక్కుంటూ వచ్చి ఆ రెండో ఆకు తీసేసింది. పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టాక కూడా రెండో ఆకు మళ్ళీ మా మధ్య పడలేదు.

కరోనా ఏడాది చవితికి, ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని మా అబ్బాయి గట్టిగా చెప్పాడు. నేస్తం మూతికి చెంగు కట్టుకుని వచ్చింది. నేను అరుగు చివర ఒక ఆకు, గుమ్మం లోపల ఒక ఆకు వేశాను.

“ఏటే నేస్తం, మీ నానమ్మ మళ్ళీ పుట్టినాదేటి?” అని నవ్వింది.

“రోగం కాలం కదే. వచ్చే పండక్కి ఒకే ఆకులో తిందుం.”

తను చిమ్మిలి ఉండ సగం కొరికి, మిగతా సగం అలవాటుగా నా వైపు చాచింది. నేను లేవలేదు.

“మరైతే ఈ సగం ఎప్పుడు తింతావు? వచ్చే పండక్కా?”

ఆ సగాన్ని తన ఆకు అంచున పెట్టి, చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే నేస్తానికి ఆ రోగం తగిలింది. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగి తేలేదు. ఎవర్నీ చూడనివ్వలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో పిల్లలకి ఎవరూ నేస్తరికం కట్టడం లేదు. రోళ్ళు పెరట్లో బోర్లా పడున్నాయి. నన్ను నేస్తం అని పిలిచేవాళ్ళు లేరు. ఆ రోగమే మనుషుల్ని విడదీసిందని అందరూ అంటారు, నేనూ తలూపుతాను. కానీ ఆ చవితి మర్నాడు పొద్దున్నే లేచి, చీమలు పట్టిన ఆ సగం ఉండని ఆకుతో సహా పుల్లతో తోసి పెంటలో పడేశాను. బకెట్టులో బ్లీచింగు కలిపి, నేస్తం కూర్చున్న అరుగుని మూడుసార్లు కడిగాను.