కుక్క పుట్టిల్లు అడిగిన డాక్టరు గారు

మా వీధి చివరి పశువుల డాక్టరు గారు పోయారని సోమవారం పొద్దున్న అమ్మ చెప్పింది. పాలు పోయించుకుంటూ, గిన్నె దించకుండానే చెప్పింది. ధవళేశ్వరంలో గేదె ఉన్న ప్రతి ఇంటికీ ఆయన తెలుసు. నాకు మాత్రం నా కుక్క వల్ల తెలుసు.

కేరళలో పీజీ చదువుతుండగా హాస్టల్ గేటు దగ్గర దొరికింది కుట్టి. చదువయ్యాక వెంట తెచ్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి దాని కళ్ళ చుట్టూ బొచ్చు రాలిపోయింది. ఒళ్ళంతా పొట్టు లేచింది. గోళ్ళు పెరిగి చిలక ముక్కుల్లా వంకర తిరిగాయి.

"నెయిల్ పాలిష్ కూడా వెయ్యవే, పెళ్ళిచూపులకి పనికొస్తుంది" అని పక్కింటి పిన్ని వేళాకోళం.

డాక్టరు గారు గజ్జి అన్నారు. చెవి వెనక గోకి, "ఏమ్మా, భోంచేశావా?" అని అడగనిదే ఏ జంతువు మీదా చెయ్యి వేసేవారు కాదు. జవాబు కోసం కాసేపు ఆగేవారు కూడా. మీలో ఎవరైనా ఆయన దగ్గరికి దూడని తోలుకెళ్ళి ఉంటే ఆ పలకరింపు గుర్తుండే ఉంటుంది. మందులు మార్చారు, నూనెలు మార్చారు. కుట్టి చిక్కిపోతూనే ఉంది. ఒకరోజు ఆయన వరండాలోనే దాని ముక్కులోంచి రక్తం కారింది. దూది అదిమిపట్టి, దాని వంకర గోళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూశారాయన.

"ఇది ఎక్కడ పుట్టిందమ్మా?"

చెప్పాను. కళ్ళజోడు తీసేశారు.

రక్తపరీక్ష ఫలితం వచ్చిన రోజు ఆయనే మా ఇంటికొచ్చారు. రోగం పేరు లీష్మానియా. కేరళ వైపు కుక్కల్లో ఉంది, మన వైపు కనబడదు. ఇసుక ఈగ కుడితే వస్తుంది, లోలోపల కాలేయాన్నీ కిడ్నీలనీ తినేస్తుంది.

"పొరపాటు నాదేనండి" అన్నారు నాన్నతో. "ఇన్నేళ్ళలో ఏ కుక్కనీ పుట్టిల్లు అడగలేదు. అన్నీ మన వీధుల్లోవేగా, వీటి అమ్మమ్మలు కూడా నాకు తెలుసు. అడిగుంటే ముందే పట్టుకునేవాణ్ణి."

"ఇంట్లో మనవడున్నాడండి. సూది వేసేయండి, గొడవ వదులుతుంది" అన్నారు నాన్న, అన్నయ్య కొడుకుని దగ్గరికి లాక్కుంటూ.

"ముట్టుకుంటే అంటదండి. మధ్యలో ఆ ఈగ ఉండాలి. మెడకి మందు పట్టీ కడదాం. చీకటి పడేలోపు లోపలికి తెచ్చేయండి, పెరటి గోడ బీటలు పూడ్పించండి, ఈగ దాక్కునేది వాటిల్లోనే. తగ్గుతుందని మాటివ్వను. కానీ నా ఆలస్యానికి అది చావకూడదు కదండీ."

నాన్న గొణుక్కుంటూనే సిమెంటు తెప్పించారు.

మాత్ర ఇడ్లీలో దాచిపెట్టడం ఆయనే నేర్పారు. "కుక్కకి అబద్ధం చెప్పొచ్చు తల్లీ, కుక్కగలవాళ్ళకి చెప్పకూడదు." బొచ్చు మళ్ళీ వచ్చింది. వీధంతా నయమైపోయిందంది. ఆయన అనలేదు. "అది పైసంగతి. లోపలిది రక్తం చెప్పాలి."

వానాకాలంలో చెప్పింది. కిడ్నీలు పోయాయి. కుట్టి మంచినీళ్ళు కూడా కక్కేస్తోంది. ఆయన వరండాకి ఎత్తుకెళ్ళాను. ఆయన ఈసారి నాన్నని అడగలేదు.

"నువ్వు చెప్పమ్మా. తెచ్చుకున్నదానివి నువ్వు."

"ఇంకేమీ లేదాండి?"

"లేదు తల్లీ."

తలూపాను. నరం కనబడాలంటే ముందుకాలి మీద గొరగాలి. బ్లేడు పట్టుకుని ఆగిపోయారు. "నల్లగా ఎంత చక్కగా వచ్చిందో" అంటూ ఆ బొచ్చు వేళ్ళతో ఒకసారి నిమిరారు. తర్వాత గొరిగారు.

అంతా అయ్యాక ఆయన నా పక్కనే గచ్చు మీద కూర్చున్నారు. కుట్టి తల నా ఒళ్ళో ఉంది. గొరిగిన నల్లటి బొచ్చు ఫ్యాను గాలికి వరండా అంతా మెల్లగా దొర్లుతోంది. ఊడవడానికి ఇద్దరం లేవలేదు.