ఏనుగు పాలు

మా చెల్లికి పాలు పడేవి కావు. రెండేళ్ళప్పుడు పక్కింటివాళ్ళు ప్రేమగా పెట్టిన ఒక్క చెంచా పాయసానికి పెదవులు వాచి, ఊపిరాడక గిలగిల్లాడింది. గోల్‌మురి కంపెనీ క్వార్టర్ల జనమంతా మా గుమ్మంలోనే ఉన్నారు. ఆ తరవాత అమ్మ దాన్ని ఎవరింటికీ భోజనానికి పంపలేదు.

సాక్చీలో ఒక ముసలి డాక్టరు ధైర్యం చేశాడు. గ్లాసుడు నీళ్ళలో చుక్క పాలు కలిపి, ఆ నీళ్ళలోంచి ఒక్క చుక్క తన ఎదుటే దాని నాలుక మీద వేయించాడు. రోజూ ఒకే వేళకి ఇవ్వాలి, వారం వారం కొంచెం పెంచాలి. నాలుగు రోజులు మానితే ఒళ్ళు మరిచిపోతుంది, మళ్ళీ మొదటి చుక్క నుంచే మొదలు.

మా ఇంటి గడియారం దానికి తోచినప్పుడు నడిచేది. అందుకని మధ్యాహ్నం షిఫ్టుకి కంపెనీ సైరన్ కూయగానే అమ్మ కొత్త ఇంకుఫిల్లరుతో చుక్కలు వేసి, వంటింటి గోడ మీద బొగ్గుతో గీత గీసేది.

కానీ చెల్లి నోరు తెరిచేది కాదు. అప్పుడు నేను దిగాను. నాకు పదకొండేళ్ళు, దానికి ఐదు.

"ఇవి ఆవుపాలు కావే. దల్మా కొండ మీద ఏనుగుని పితికి నాన్న తెత్తన్నాడు."

"సచ్ బోల్, అన్నియ్యా. నిజంగా నిచ్చెనేసుకునా?"

"మరేటి, పీటేసుకునా?"

నోరు తెరిచింది. ఏడాది తిరిగేసరికి చుక్కలు చెంచాలయ్యాయి, చెంచాలు అరగ్లాసయ్యాయి. "వచ్చే ఏడు దీన్ని అందరి పిల్లల్తో కూకోబెట్టి తినిపిత్తాను" అనేది అమ్మ.

అంతలో శ్రీకాకుళంలో అమ్మమ్మ పోయింది. అమ్మ పదమూడు రోజులకి వెళ్తూ ఫిల్లరూ, గ్లాసూ నాకప్పగించింది. నాన్నకి డ్యూటీ. మొదటి రోజు సైరన్‌కి పరుగెత్తుకొచ్చాను. రెండో రోజు నా గాలిపటం మంచి ఎత్తులో ఉంది. మూడో రోజు చెల్లే అడిగింది, పాలేవని.

"ఏనుగు ఈనిందే. పిల్లకి చాలొద్దేటి? అమ్మొచ్చీదాకా సెలవు. ఎవరికీ చెప్పకు."

పిల్ల ఆడదా మగదా అని మాత్రం అడిగి, చెప్పనని నా చేతిలో చెయ్యేసింది. ఆ పాలు రోజూ నేనే తాగి, గీతలు వరసగా గీసేశాను.

అమ్మ వచ్చి గోడ చూసుకుంది. "అన్ని రోజులూ ఇచ్చినావేట్రా?"

"ఇచ్చినానమ్మా."

చెల్లి నా వైపు చూసింది. మాట ఇచ్చింది కదా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సైరన్ కూసింది. అమ్మ అరగ్లాసు పట్టించింది.

రిక్షాలో అమ్మ ఒడిలో ఉన్న ముఖాన్ని నేను గుర్తుపట్టలేకపోయాను. బతికింది. మళ్ళీ మొదటి చుక్క నుంచి చేద్దామని డాక్టరు ఎంత చెప్పినా అమ్మ వినలేదు. "నా చెయ్యే ఎక్కువ పోసేసినాది" అని ఫిల్లరుని పొత్రంతో నలగ్గొట్టింది. ఆ రోజు నుంచి తనూ పాలు ముట్టలేదు. ఎవరింటికెళ్ళినా నల్ల టీయే. చెల్లి ఇప్పటికీ పెళ్ళిళ్ళకి తన అన్నం డబ్బాలో పట్టుకెళ్తుంది.

అమ్మ ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. గాలిపటం, గీతలు, ఏనుగు ఈనడం. ఓపిగ్గా విని నా చెయ్యి నిమిరింది.

"నా మనసు తేలికవ్వాలని ఎంత కత అల్లినావురా. నువ్వు మారవు."

నిజమేనని ఒట్టేశాను. నవ్వింది. కాసేపటికి టీ అడిగింది.

"పాలు పొయ్యనామ్మా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.