పలకల గోడ మీద చారలు

కోటిరత్నం పొన్నూరు పిల్ల. కుక్కను అదిలించడానికైనా రాయి దొరకని వరి నేల అది. అక్కడి నుంచి వచ్చి గుంటూరులో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరింది. ల్యాబులో రాళ్లకు చీటీలు అంటించడం ఆమె పని. 1964లో మొదటిసారి, విద్యార్థులతో పాటు మార్కాపురం పలకల గనికి వెళ్లనిచ్చారు.

రాతిపొరల వాలు కొలవడం అక్కడి పాఠం. పలక ఎటు చీలితే అదే పొర అని ప్రొఫెసర్ అంకమ్మరావు గారు ఆరేళ్లుగా కొలిపిస్తున్నారు.

"అది పొర కాదండీ. తర్వాతెప్పుడో ఒత్తిడికి పడ్డ చీలిక. అసలు పొర వేరే ఉంది," అంది కోటిరత్నం.

"ఏదమ్మా? రేపు యూనివర్సిటీ నుంచి పరీక్షకు వచ్చే ఆయన ముందే చూపించు. చూపించలేకపోతే ఇక ల్యాబు దాటి రావద్దు."

మర్నాడు గని గోడంతా పలకపొడి పట్టి బూడిదరంగుగా ఉంది. ముప్పైమంది విద్యార్థులు, పరీక్షాధికారి ఆమెనే చూస్తున్నారు. పొడి ఉంటే చీటీ అంటదు. అందుకని ల్యాబులో ప్రతి పలకనూ కడిగేది. అలా తడిసిన పలకల మీదే అసలు పొరల వంకర చారలు ఆమెకు కనిపించేవి.

"మేస్త్రీ గారూ, రెండు కడవల నీళ్లు ఇప్పించండి."

గని మేస్త్రీ మాబు సాహెబ్ నోరు తెరిచాడు. "తాగే నీళ్లమ్మా! మైలు నుంచి మోసుకొచ్చాం. గోడకు తలంటా?"

"ఒక్కసారేనండి."

"దాహమేస్తే మీ ప్రొఫెసర్ గారితో మోయిస్తా మరి," అంటూ కుమ్మరించాడు.

తడిసిన గోడ నల్లబడింది. దాని మీద లేతరంగు చారలు తేలాయి. ఎడమ నుంచి పైకి లేచి, గోడ మధ్యలో వంపు తిరిగి, కుడికి దిగాయి. చీలికలు వాటిని నిలువునా కోసుకుంటూ పోయాయి.

పరీక్షాధికారి గని గోతిలోకి దిగి, చార వెంట వేలు పెట్టి గోడ చివరిదాకా నడిచాడు. "ఎంత పెద్ద మడతండీ ఇది!" అన్నాడు.

అంకమ్మరావు గారు కూడా దిగి ఆ చార వెంట నడిచి వచ్చారు. విద్యార్థుల వైపు తిరిగారు.

"ఒరేయ్, నిన్నటి కొలతలన్నీ కొట్టేయండి. నావి కూడా. ఎక్కడ కొలవాలో మేడమ్ గారిని అడగండి."

ముప్పైమందీ ఆమె చుట్టూ మూగారు. మాబు సాహెబ్ ఎవరూ అడక్కుండానే ఇంకో కడవకు మనిషిని పంపాడు.

ఏటా ఆ గని పాఠం కోటిరత్నానిదే అయింది. నాలుగేళ్లకు, నేలలోకి పంపిన అదురు లోపలి పొరలకు తగిలి తిరిగొచ్చి కాగితం మీద గీసే గీతలను చదివే పాఠం కాలేజీకి వచ్చింది. ఆ గీతలూ గని గోడ మీది చారల్లాగే వంపులు తిరిగేవి. ఎవరు చెప్పాలన్న చర్చే రాలేదు. అంకమ్మరావు గారు టైంటేబుల్లో ముందే ఆమె పేరు రాసుకుని మీటింగుకు వచ్చారు.