మైకు ముందు తెలుగు అయ్యవారు

1971 జూన్‌లో నేను గిద్దలూరులో ఒక హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయుడిగా చేరాను. అది కాగితాల మీది పేరు. ఊరందరికీ డ్రిల్లు సారునే. మా తాలూకాలు కర్నూలును వదిలి ఇప్పటి ప్రకాశం జిల్లాలో కలిసి అప్పటికి ఏడాది దాటింది.

అదే నెలలో పామూరు నుంచి బదిలీ మీద శేషాచలం గారు వచ్చారు. గ్రేడ్ వన్ తెలుగు పండితుడు, అంటే పై తరగతులకు తెలుగు చెప్పే అయ్యవారు. ఆ రోజుల్లో పండితులు ఎంత చదువుకున్నా ఆ మెట్టు మీదే రిటైరయ్యేవారు. హెడ్మాస్టరు కుర్చీ వాళ్ల దాకా వచ్చేది కాదు. ఆయనకు ఆ దిగులున్నట్టు నేనెప్పుడూ చూడలేదు. ధ్యాసంతా ఆటల మీద. ఆడటం మీద కాదు, రాయడం మీద. బంతి చేతికిస్తే కాలుతున్న గిన్నె పట్టుకున్నట్టు పట్టుకునే మనిషి.

ఒక దినపత్రికకు ఆటల వార్తలు రాసి, కవరులో పెట్టి, సాయంత్రం రైలుకు అందించి వచ్చేవారు. అప్పట్లో ఊళ్లో పోటీల వార్త అంటే ప్రారంభించింది ఎవరు, బహుమతులు పంచింది ఎవరు అన్నదే. ఆడినవాళ్లది చివరి వాక్యం. ఆయన దాన్ని తిరగేశారు. ఆట ముందు, అతిథులు చివర. చోటు చాలనప్పుడు పత్రికవాళ్లు వార్తను తోకవైపు నుంచి కత్తిరిస్తారు కనుక మా ఊరి పెద్దలు వరసగా కత్తెరకు బలయ్యారు. ఒకరిద్దరు హెడ్మాస్టరు గారి గదికి వచ్చి గట్టిగానే అడిగారు. నాకు మాత్రం లోలోపల భలే సంతోషంగా ఉండేది.

తరగతిలోనూ అదే పద్ధతి. నిన్న చూసిన ఆటను నాలుగు వాక్యాల్లో రాయమనేవారు. ‘అద్భుతం’, ‘అమోఘం’ అని రాస్తే నిలబెట్టి, అసలేం చూశావో చెప్పమనేవారు. తెలుగంటే సంధులూ సమాసాలే అనుకున్న నాకు ఆ పాఠం కిటికీ దగ్గర నిలబడి వినాలనిపించేది. విన్నాను కూడా.

ఆ చలికాలంలో జిల్లా బాల్ బ్యాడ్మింటన్ జట్టు ఎంపిక కోసం మా మైదానంలో పోటీలు పెట్టారు. జట్టుకు ఐదుగురు, కర్ర రాకెట్లు, ఉన్ని బంతి. ఉన్ని బంతిని గాలి తన ఇష్టం వచ్చిన వైపు లాక్కుపోతుంది. అందుకే నల్లమల గాలి లేవకముందే పొద్దున్నే ఆట మొదలుపెట్టేవాళ్లం. నేను అంపైరు. మా ప్రాంతంలో మైకు ఎక్కడ పెట్టినా దాని ముందు తెలుగు అయ్యవారు ఉండాల్సిందే కాబట్టి, శేషాచలం గారు వ్యాఖ్యాత.

ఫైనల్ మా ఊరి జట్టుకూ మార్కాపురానికీ. మా జట్టులో వెనక వరుస ఆడే రమణయ్య బట్టల దుకాణం చూసుకునేవాడు. ముప్పై దగ్గర పడుతున్నాయి. ఈసారి జిల్లా జట్టులోకి రాకపోతే రాకెట్ మూలన పడేసి దుకాణంలోనే కూర్చుంటానని వాళ్ల నాయనకు మాటిచ్చాడు. అంతలో బట్టల మూట ఎత్తబోతే కుడి భుజం పట్టేసింది. ఆ సంగతి జట్టు దాచింది. నాకు తెలుసు, కానీ అంపైరుగా నేను నోరు మెదపకూడదు.

శేషాచలం గారికి తెలియదు. తెలియకపోయినా కళ్లున్నాయి కదా. మొదటి గేము సగంలోనే, రమణయ్య చెయ్యి భుజం దాటి లేవడం లేదని, తలపైకి వచ్చే బంతులు వదిలేస్తున్నాడని మైకులో చెప్పేశారు. మార్కాపురం వాళ్లకు మాత్రం చెవుల్లేవా? ఆ తరువాత ప్రతి బంతీ రమణయ్య తలమీదికే. గేము మధ్యలో ఆటగాళ్లు చోట్లు మార్చుకోకూడదని నియమం. ఆ గేము పోయింది. మైకు తీగ పీకేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

విరామంలో రమణయ్య నేరుగా మైకు దగ్గరికి నడిచాడు. గొడవవుతుందేమోనని నేనూ వెంట వెళ్లాను. అతను కోప్పడలేదు.

“అయ్యవారూ, నా భుజం సంగతి ఊరంతా చెప్పినారు. ఇప్పుడు బాగైపోయిందని కూడా మీరే చెప్పండి. మీరు చెప్తే వాళ్లు నమ్ముతారు.”

శేషాచలం గారి ముఖం వాడిపోయింది.

“లేనిది చెప్పలేను రమణయ్యా. ఇంక బంతి నేల తాకినాకనే నోరు తెరుస్తా. అది నా చేతిలో ఉంది.”

గేముకూ గేముకూ మధ్య చోట్లు మార్చుకోవచ్చు. కెప్టెన్ రమణయ్యను నెట్ దగ్గరికి తెచ్చాడు. అక్కడ భుజం కాదు, మణికట్టు కావాలి. అతని మణికట్టు దివ్యంగా ఉంది. శేషాచలం గారు ఆడిన మాట తప్పలేదు. అంచనాల్లేవు, జోస్యాల్లేవు. బంతి పడిన తరువాత ఎవరు కొట్టారు, ఎక్కడ పడింది, అంతే. రమణయ్య నెట్ మీదుగా మెత్తగా జారవిడిస్తే అతని పేరు. నెట్‌కే కొడితే అప్పుడూ అతని పేరే, అదే గొంతుతో. రెండో గేము గెలిచాం.

ఒంగోలు నుంచి వచ్చిన సెలెక్టర్లు షామియానా కింద పెద్దలతో కాఫీ కబుర్లలో ఉన్నారు. కుర్చీలు సగం అటే తిరిగి ఉన్నాయి. మూడో గేము మధ్యలో వాళ్లలో పెద్దాయన కబుర్లు వదిలి, కుర్చీ కోర్టువైపు తిప్పుకున్నాడు. చివరిదాకా మళ్లీ అటు తిరగలేదు.

మూడో గేము ఓడిపోయాం. కప్పు మార్కాపురం పోయింది. జిల్లా జట్టులో నెట్ దగ్గర ఆడేందుకు మాత్రం రమణయ్యను తీసుకున్నారు. ఓడిన జట్టు నుంచి అతన్నెలా ఎంచారని నేను అడిగితే పెద్దాయన దాచకుండా చెప్పాడు.

“మైకులో అతని పేరే వినపడుతోందండీ. సొంతూరి వాణ్ణి పొగుడుతున్నారనుకున్నా. తప్పులు కూడా చెప్తుంటే, అప్పుడు నమ్మి ఇటు తిరిగా.”

అంతకుముందు సెలెక్టర్లకు మా ఆటగాళ్ల గురించి మంచి తప్ప మరొకటి చెప్పేవాణ్ణి కాదు. సాయం చేయడమంటే అదే అనుకునేవాణ్ణి. ఆ ఏటి నుంచి రిటైరయ్యేదాకా ఎవరి పేరు పంపినా అతను చేయలేనిది ముందు రాసి, చేయగలిగింది తరువాత రాశాను. ఇద్దరు ముగ్గురికి అందువల్లనే చోటు దక్కలేదు, నా మీద కోపమూ పెట్టుకున్నారు. నేను పంపిన పేరును, ఆట చూడకుండా పక్కన పెట్టిన సెలెక్టరు మాత్రం ఆ తరువాత ఒక్కరూ లేరు.