అక్షింతల పురుగు పిల్లలు

పురుగుకూ పూతకూ ఒకే చేలో చోటిచ్చిన సర్వేశ్వరునికి నమస్కరించి, శ్రీ క్రోధి నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమి నాటి సంగతి వ్రాస్తున్నాను.

మా రెండెకరాల మిరపతోట నాడు నిండు పూత మీద ఉన్నది. దానిని కౌలుకు చేస్తున్నవాడు అంతకుముందటి ఏడాది నల్ల తామరపురుగుకు తోటను పోగొట్టుకొని, చీమకుర్తి రాతిగనిలో కూలికి పోయి, దగ్గుతో తిరిగివచ్చినవాడు. ఈ తోట కూడా పోతే మళ్లీ గనికే. ఆ మాట అతడు అనలేదు. అతని భార్య అన్నది.

ఉదయం నా తెల్లని ఉత్తరీయాన్ని చెట్టు కింద పరచి, అతడు పూలను దులిపాడు. నల్లని నలుసుల వంటి తామరపురుగులు గుడ్డ మీద పాకసాగినవి.

పక్కచేలో అప్పటికే మందు కొడుతున్నారు. ఆ రైతు గట్టు మీదనుంచి కేకవేశాడు.

“ఒరేయ్, మా చేలో పురుగంతా మీ చేలోకే వస్తది. హారతిస్తావా దానికి?”

“మాస్టారు చెప్పాలి బావా.”

“ఆయన్ని పద్యం చదవమను, పారిపోద్ది!”

నేను ఒక ఆకును తిప్పి చూచాను. ముళ్లవంటి వెంట్రుకలతో, నారింజ మచ్చలతో నల్లని పురుగులు నాలుగైదు కదులుతున్నవి. తామరపురుగుకు తోడు ఇదొక కొత్త శత్రువనుకొన్నాను.

“కొట్టు నాయనా,” అన్నాను.

“తప్పదంటారా మాస్టారూ?”

“తప్పదు.”

ఒక ఎకరం తడిసేసరికి అతని భార్య అన్నం క్యారియరుతో వచ్చింది. సాలులో రాలిన పురుగును అరచేతిలోకి తీసుకొని చూచింది.

“ఎవరు కొట్టమన్నారయ్యా? ఇవి అక్షింతల పురుగు పిల్లలు కాదూ?”

అతడు నావైపు చూచాడు.

“మాస్టారికి పెద్ద పురుగే తెలుసు. పిల్లల్నెప్పుడు చూశారు?” అన్నది ఆమె.

నిజమే. ఎర్రని గుండ్రని అక్షింతల పురుగును చిన్ననాటినుంచి ఎరుగుదును. మన తోటను తినేవాటిని తిని బ్రతికే ప్రాణి అది. దాని పసితనం ఇంత వికారంగా ఉంటుందని ఎరుగను.

“రెండో ఎకరం ఏం చేద్దామమ్మా?” అని అడిగాను.

“ముట్టుకోవద్దు.”

రోజూ రెండువైపులా ఉత్తరీయం పరచాము. అష్టమి నాడు మందు పడిన వైపు గుడ్డ తెల్లగానే ఉన్నది. పడని వైపు నలుసులు అలాగే ఉన్నవి. పక్క రైతు నవ్విపోయాడు. మా కౌలురైతు మందు పంపు వైపు చూస్తున్నాడు, భార్య అతని వైపు చూస్తున్నది. నేను మాట్లాడే అర్హత పోగొట్టుకొన్నాను.

పౌర్ణమి నాటికి మందు పడిన వైపు గుడ్డ నల్లబడింది. పూత ఉన్నది, వాన లేదు, తామరపురుగును తినే ప్రాణి మందుకు పోయింది. ఇక పురుగుకు అడ్డేమున్నది? రెండోవైపు నలుసులు పోలేదు గాని పెరగలేదు. పిందె నిలిచింది.

మందు పడిన ఎకరం పుష్యమాసంలో పీకివేశారు. మాఘ శుద్ధ దశమి నాడు రెండో ఎకరంలో మొదటి కోత కోశారు. ఆ ఏడు అతడు చీమకుర్తికి పోలేదు.