చేతులారా వేసిన ఏడాది

పిల్లలకి ఏది ఇష్టమో కనుక్కుని, పదేళ్ల తర్వాత తాము ఎలా ఉంటారో వాళ్లచేతే ఊహించి రాయించమని మా టీచర్లకి వారానికో పిరియడు ఇచ్చారు. మా ఎనిమిదో తరగతిలో మొదటి బెంచీ పిల్ల డాక్టర్ అని రాస్తే, వెనకాల సగం క్లాసు డాక్టర్లయిపోయింది. మిగతావాళ్లు కువైట్ అని రాసి పెన్నులు మూసేశారు. ఒక్క పిల్ల మాత్రం తెల్లకాగితం ఇచ్చింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "ఏమే, నీకు ఏ ఇష్టమూ లేదా? మొద్దులా కూచుంటే బతుకు దానంతటదే వస్తుందా?" అని అందరి ముందూ కడిగేశాను.

"ఈత రాయొచ్చాండీ?" అంది, తలెత్తకుండా.

ఆ పిల్ల జుట్టు రోజూ ఎందుకు తడిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. వాళ్లది గోదావరి మధ్యన లంక. ఒకప్పుడు నేను పనిచేసిన ఊరే. పడవ కదలడం ఆలస్యమైతే పుస్తకాల సంచీ, యూనిఫాం పడవలో పడేసి, తను పాయ ఈదేసి వస్తుందట. "పడవకన్నా ముందే వచ్చేసి సంచీ కోసం కాసుక్కూచుంటానండి" అంది.

మర్నాడు పొద్దున్నే రేవుకి వెళ్లి చూశాను. క్లాసులో నోరెత్తని పిల్ల నీళ్లలోంచి లేచి నన్ను చూసి పకపకా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో ఒక పిల్లకి నిజంగా ఏం కావాలో కళ్లారా చూడడం అదే మొదలు.

ఈత నేర్పే స్పోర్ట్స్ హాస్టలు ఒకటుందని కనుక్కున్నాను. పన్నెండేళ్లు దాటకూడదు. ఫారాలకి శుక్రవారం ఆఖరు. పిల్ల తండ్రి కొబ్బరికాయలు ఒలిచే మనిషి. "మా అమ్మాయికి పదకొండేనండి" అని సంబరపడిపోయాడు. ఫారం నింపుదామని లంక బడి పాత రిజిస్టరు తెప్పించాను. పుట్టినతేదీ లెక్కేసి చూశాను. వయసు ఏడాది ఎక్కువుంది, పన్నెండు దాటిపోయింది. ఆ చేతిరాత నాది.

నా మొహం మండా! అప్పుడంతా గుర్తొచ్చింది. పిల్లలు తగ్గితే బడి ఎత్తేస్తారని ఆ రోజుల్లో నాకు నిద్ర ఉండేది కాదు. తల్లి కువైట్ వెళ్లిపోతే, ఒలుపుకి పోవాల్సిన తండ్రి నాలుగేళ్ల పిల్లని చంకనేసుకుని వచ్చాడు. ఐదు నిండితేగాని చేర్చుకోకూడదు. "ఏడాది పెంచి వేసేద్దామా?" అన్నాను. "ఆయ్, ఏసెయ్యండి మేడంగారు" అన్నాడు. అలా వెయ్యని బడి మా వైపు నేనెరగను. తప్పని ఒక్కరికీ తోచలేదు. పిల్ల ఇంట్లోనే పుట్టింది, వేరే కాగితం లేదు. ఆధార్ కార్డులోకీ నా అంకే ఎక్కింది.

బుధవారం తండ్రిని వెంటబెట్టుకుని అమలాపురం ఆఫీసుకి పరిగెత్తాను. అతన్ని వరండాలో కూచోబెట్టి లోపలికి వెళ్లాను. గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. "ఆయ్, మార్చొచ్చండి. అప్పట్లో రాసినవారు, తెలిసే తప్పు రాశానని సంతకం పెట్టి ఇవ్వాలండి. తర్వాత ఆరిమీద ఎంక్వైరీ వేస్తారు మరి. రాసిందెవరండీ?"

ఇంకో ఏడాదిలో నాకు రిటైర్మెంటు. "కనుక్కుని చెబుతానండి" అని బయటికొచ్చేశాను.

ఆ సాయంత్రం కాగితం రాశాను, చింపేశాను. గురువారం మళ్లీ రాశాను. తప్పు నాదేనన్న ముక్క దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. శుక్రవారం తలనొప్పని సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను. గడియారం ఐదు కొట్టేదాకా గోడకేసి చూస్తూనే ఉన్నాను. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఐదు కొట్టాక నాకు ఊపిరాడింది.

సోమవారం తండ్రి గెల కొబ్బరిబొండాలు మోసుకుని బడికొచ్చాడు. "కుదరదన్నారండి" అన్నాను, అతని మొహం చూడకుండా.

"మీరేం చేస్తారండి! తప్పు నాదేనండి. ఏసెయ్యమంది నేనే కదండీ. మా పిల్లకోసం మీరు అమలాపురం దాకా తిరిగేరు, అది చాలండి" అని దణ్ణం పెట్టాడు. కాదు బాబూ అందామనుకున్నాను. అనలేదు. బొండాలు స్టాఫ్ రూములో పెట్టించాను.

ఆ వారం రాయించే పిరియడులో పిల్ల మళ్లీ కాగితం ఇచ్చింది. ఈసారి నిండా రాసింది. ఈత మాట ఎక్కడా లేదు. పదేళ్ల తర్వాత మేడంగారిలాంటి టీచరునవుతాను, నాలాంటి పిల్లలకోసం ఆఫీసులకి తిరుగుతాను అని రాసింది. బల్ల పక్కన నిలబడి నేనేమంటానో అని చూస్తోంది. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

నేను ఎర్రపెన్ను తీసి, చాలా బాగుంది అని రాసి, కింద సంతకం పెట్టాను. ఈ సంతకానికి మాత్రం నా చెయ్యి ఆగలేదు.